అక్క గోడ మీద గాజుపలక

మా అక్క వంటింటి గోడకి పగులు వచ్చిన రోజున తిరువూరు సగం అదిరిందని రాయాలని నా చెయ్యి దురద పెడుతోంది. కానీ అక్క ఇది చదువుతుంది కాబట్టి తగ్గించి రాస్తున్నాను. పగులు వెంట్రుక మందం ఉంది. ఆ వెంట్రుక కూడా అక్క జడలోది కాదు, నా నెత్తి మీద మిగిలినవాటి రకం. కిటికీ కింది మూలలో పుట్టి, ఏటవాలుగా గచ్చు దాకా దిగింది. ఎవరో పెన్సిల్‌తో గీసి చెరపడం మర్చిపోయినట్టుంది, అంతే.

అంతేనని నేనన్నాను. అక్క అనలేదు. ఆ ఇంటిని ఆమె కూరలతో కట్టుకుంది. బావ పోయాక ముందుగదిలో కర్రీ పాయింట్ పెట్టింది. పునాది దొండకాయ వేపుడు, గోడలు పప్పుచారు, శ్లాబు మొత్తం గోంగూర. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, ఎ.కొండూరు నుంచి ఆఫీసు పనుల మీద వచ్చినవాళ్ళు, స్టీలు క్యారియర్లు పట్టుకుని గుమ్మం ముందు బారులు తీరతారు. పక్కనున్న నెమలి ఊళ్ళో తిరునాళ్ళకి కూడా అంత జనం రారని నేను చాలాచోట్ల చెప్పాను. నెమలి వాళ్ళు ఒప్పుకోలేదు.

పగులుకి కారణం పక్క స్థలంలో ఉంది. ఎరువుల కొట్టాయన అక్కడ కాంప్లెక్సు మొదలుపెట్టాడు. కింద సెల్లారు కావాలట. అందుకని పొక్లెయిన్ తెప్పించి, అక్క వంటింటి గోడకి జానెడు దూరంలో (సరే, నాలుగడుగుల దూరంలో) గొయ్యి తీయిస్తున్నాడు. ఆ గొయ్యి లోతు చూసి, ఇంకో వారం తవ్వితే అవతలి దేశం వాళ్ళు తలెత్తి నమస్కారం పెడతారనుకున్నాను. తవ్వుతున్న కొద్దీ ఇవతలి మట్టికి ఆనుకోవడానికి ఏమీ లేకుండా పోతోంది. మట్టి అటు ఒరిగితే, దాని మీదున్న గోడ ఏం చేస్తుంది?

"ఏమయ్యా, నీ గొయ్యి నా గోడని లాక్కుపోతోంది" అంది అక్క, గరిటె ఆయన వైపు చూపించి.

"అక్కయ్య గారూ, ఆ పగులు నా చిన్నప్పట్నుంచీ ఉందండీ."

"నీ చిన్నప్పుడు ఇక్కడ ఇల్లే లేదు."

"అంటే... ఇల్లు చిన్నప్పట్నుంచీ అన్నానండీ."

మనిషి దుర్మార్గుడేం కాదు. రోజూ అక్క దగ్గరే కూరలు పట్టుకెళ్తాడు. దెబ్బలాడిన రోజు కూడా వంకాయ కూర రెండు ప్యాకెట్లు తీసుకునే వెళ్ళాడు. కానీ పని ఆపమంటే ఎలా ఆపుతాడు? పగులు పాతదని ఆయన, కొత్తదని అక్క. గోడ ఎవరి వైపూ మాట్లాడదు.

ఇద్దరూ కలిసి మా వీధిలోనే ఉండే ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళారు. ప్రభుత్వంలో చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన వచ్చి, పగులుని వేలితో తడిమి, వెనక్కి తిరిగి అన్నారు: "దీనికి అడ్డంగా పల్చటి గాజుపలక పెట్టండి. రెండు చివర్లూ సిమెంటుతో బిగించండి. గోడ కదిలితే గాజు పగులుద్ది. కదలకపోతే పగలదు. అంతే. నాకు బీపీ ఉంది, ఇద్దరూ అరవకండి."

ఒప్పందం ఆయన ముందే కుదిరింది. గాజు పగిలితే ఎరువులాయన తవ్వకం ఆపాలి. మట్టి జారకుండా అడ్డుగోడ కట్టాకే మళ్ళీ మొదలుపెట్టాలి. సెల్లారు పూర్తయ్యేదాకా గాజు పగలకపోతే అది పాత పగులే, అక్క ఇక నోరెత్తకూడదు.

గాజుపలక తెచ్చిన ఘనత నాది. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. బోటనీ ల్యాబులో ఉల్లిపొర పెట్టి మైక్రోస్కోపులో చూసే పలకలుంటాయి, ప్రిన్సిపాల్‌ గారిని అడిగి కొన్ని తెచ్చాను. ఉల్లిపాయలకీ అక్క వంటింటికీ ఉన్న చుట్టరికం వల్ల పలక పుట్టింటికి వచ్చినట్టే అమిరిపోయింది.

అమిరాక గానీ అక్కకి అసలు చిక్కు తట్టలేదు. మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి బియ్యం కడుగుతూ పలక వైపే చూస్తోంది.

"ఏరా, అది పగలాలని ప్రార్థన చెయ్యనా, పగలకూడదని చెయ్యనా?"

పగిలితే ఆమె మాట నిజం, ఇల్లు కూలుతున్నట్టు లెక్క. పగలకపోతే ఇల్లు క్షేమం, ఆమె అబద్ధాలకోరు. పాతికేళ్ళుగా పరీక్షల్లో ప్రశ్నలు ఇస్తున్నాను గానీ, రెండు జవాబులూ తప్పయ్యే ప్రశ్న నేనెప్పుడూ ఇవ్వలేదు.

ఇక్కడ గాజు సంగతి కాస్త చెప్పాలి. ఈ పనికి గాజునే ఎందుకు పెడతారంటే, దానికి సర్దుకుపోవడం తెలీదు. ఇనుపరేకు పెడితే, అందులో పరమాణువులు స్కూల్లో ప్రేయరుకి నిలబడ్డట్టు వరసల్లో ఉంటాయి. లాగితే వరస మీద వరస జారుతుంది. రేకు కొంచెం వంగి, కొంచెం సాగి, ఏమీ జరగనట్టు మొహం పెడుతుంది. గాజులో వరసల్లేవు. పండగ ముందు రోజు విజయవాడ బస్సెక్కే జనంలా, ఎవరు ఎక్కడ దొరికితే అక్కడే బిగుసుకుపోయి ఉంటారు. ఒక్కో సిలికాను నాలుగు ఆక్సిజన్ల చేతులు పట్టుకుని, ఆ ఆక్సిజన్లు ఒక్కోటీ ఇంకో సిలికాను చెయ్యి పట్టుకుని. జారడానికి దారి లేదు. పట్టుకోవడం, వదిలెయ్యడం, ఈ రెండే దానికి వచ్చు.

నిజానికి ఆ పట్లు చాలా గట్టివి. గీతే లేని గాజు ఎవరైనా చేయగలిగితే దాని బలం ముందు ఇనుము సిగ్గుపడుతుంది. కానీ మన చేతికొచ్చే ప్రతి గాజుకీ కంటికి కనపడని గాట్లుంటాయి. తుడిచిన గుడ్డ, తగిలిన దుమ్ము, ఏదైనా చాలు. లాగినప్పుడు ఆ బలమంతా గాటు కొస దగ్గర పోగవుతుంది. కొస ఎంత సన్ననిదంటే, అక్కడ నిలబడేది ఒక్క పరమాణువుల జత. వాటి వెనక కోట్లమంది ఉన్నా ఎవరూ సాయం పట్టలేరు. ఆ జత చేతులు వదలగానే మొత్తం భారం పక్క జత మీద పడుతుంది. అదీ వదులుతుంది. వేగం అందుకుంటే తిరువూరులో బయల్దేరిన పగులు, మీరు చెప్పులేసుకునేలోపు ఎ.కొండూరు చేరుతుంది. చూసేవాళ్ళకి మాత్రం ఒక్కసారిగా పగిలినట్టే కనిపిస్తుంది.

ఈ సంగతులు నా దగ్గరే ఉంచుకుంటే బాగుండేది. కానీ మధ్యలో అక్క వెళ్ళే చర్చి పాస్టరు గారు వచ్చారు.

వీధిలో చాలామంది ఆ పలకని గోడకి వేసిన కట్టు అనుకున్నారు. కాలు విరిగితే కట్టు కట్టినట్టు, పగిలిన గోడకి గాజు కట్టారని. "అంత చిన్నది ఆపుద్దా అండీ?" అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. పాస్టరు గారూ అలాగే అనుకున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక అక్క ఇంటికి వచ్చి, పగులు ముందు నిలబడి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. చేతిలో ఉన్న ఒలీవ నూనె సీసా తీసి, కట్టుకి బలం రావాలని, పలక నిండా నూనె పూశారు. ముందూ, సందులోంచి వెనకా, అంచుల దాకా. ఎంత భక్తిగా పూశారంటే అక్క అందులో అప్పడాలు వేయించొచ్చు.

వారాలు గడిచాయి. గొయ్యి దిగుతూనే ఉంది. గోడ పగులు వెంట్రుక నుంచి దారం అయినట్టు నా కంటికి తోచింది. పలక మాత్రం నూనె మెరుపుతో నవ్వుతోంది. ఎరువులాయన రోజూ క్యారియరుతో వచ్చి, లోపలికి తొంగి చూసి, "బానే ఉందిగా అక్కయ్య గారూ" అని, సాంబారు ఎక్కువ వేయించుకుని వెళ్ళేవాడు.

నాకు నూనె మీద అనుమానం. గాజు పగలడంలో నీళ్ళకి చెయ్యి ఉంది. గాలిలో ఉండే తేమ గాటులోకి దూరి, కొస దాకా పాకి, లాగబడి అలిసిపోయిన ఆ జత మధ్యకి చేరుతుంది. నీటి అణువు తనలో సగం ఈ చేతికి, సగం ఆ చేతికి ఇచ్చేసరికి వాళ్ళిద్దరూ ఒకరినొకరు వదిలేస్తారు. నూనె అడ్డం పడితే తేమ సులువుగా లోపలికి పోలేదు. పగలాల్సిన గాజు ఆలస్యంగా పగులుతుంది. ఈలోగా సెల్లారు పూర్తయిపోతే?

"అక్కా, ఆ నూనె తుడిచెయ్యాలి."

"దేవుడి నూనె తుడుస్తావా? కళ్ళు పోతాయ్ రోయ్."

"అది నిజాన్ని ఆపుతోందే."

అక్క ఒప్పుకోలేదు. మధ్యాహ్నం, జనం బారులు తీరి ఉన్నప్పుడు, ఆమెకి అర్థమయ్యేలా చెప్పాలన్న వెర్రి నాకు పుట్టింది. ఇన్నేళ్ళు బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డవాడికి నలుగురు కనపడితే ఆగదు. క్యూలో ఉన్నవాళ్ళని రెండు వరసలుగా విడదీసి ఎదురెదురుగా నిలబెట్టాను. ఎదుటివాళ్ళ చేతులు పట్టుకోమన్నాను. బ్యాంకు క్యాషియరు గారు హైస్కూలు డ్రిల్లు మాస్టారి చెయ్యి పట్టుకున్నారు. మిగతావాళ్ళూ క్యారియర్లు కింద పెట్టి పట్టుకున్నారు.

"ఇప్పుడు రెండు వరసల్నీ వీధి వైపు చివర్లో అటూ ఇటూ లాగితే, బరువు ఎవరి మీద?"

"నా మీదేనండీ, చెయ్యి ఊడొస్తోంది" అన్నారు క్యాషియరు గారు, చివరాయన.

"వెనకున్నవాళ్ళు?"

"మాకేం తెలీట్లేదు సార్. కూరలు చల్లారిపోతున్నాయి" అన్నారు వెనకవాళ్ళు.

సరిగ్గా అప్పుడే ఎరువులాయన వచ్చాడు. ఏం జరుగుతోందో తెలీక, "కాస్త జరగండి బాబూ" అంటూ చివరి ఇద్దరి మధ్యలోంచి దూరాడు. ఇద్దరూ చేతులు వదిలేశారు. వరస మొత్తం, ఒక జత తర్వాత ఒక జత, వంటింటి గుమ్మం దాకా విడిపోయింది.

నాకు పూనకం వచ్చింది. "అదిగో! నీళ్ళంటే ఈయనే! ఈయన దూరాడు, పట్టు వదిలింది!"

జనం చప్పట్లు కొట్టారు. ఎరువులాయన సంగతి కనుక్కుని, తల ఊపి, నెమ్మదిగా అడిగాడు. "అయితే మాస్టారూ, నీళ్ళు తగిల్తే గాజు పగులుద్దంటారు?"

"పగులుద్ది!" అన్నాను.

'లాగుతున్నప్పుడు' అన్న మాట కలపలేదు. ఆ ఒక్క మాటా నా నోట్లోనే ఉండిపోయింది.

అక్క ఆ సాయంత్రమే పలకని కుంకుడు రసంతో రుద్ది నూనె వదిలించింది. "దేవుడికి నిజమే ఇష్టంలే" అని తనకి తనే చెప్పుకుంది. వంటింట్లో అన్నం గంజి, చారు పొంగు, పప్పు కుక్కర్ల ఈలలు. కొండపల్లి వైపు పొగమంచు మొత్తం ఆ గదిలోంచే ఎగుమతి అవుతుందని నా అభిప్రాయం. పలక మీద ఆవిరి చెమట పట్టి కారేది. ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక పొద్దున అక్క ఫోన్ చేసింది.

"పగిలిందిరా!" ఆ గొంతులో సంతోషం ఉంది. వెంటనే, ఎవరో లోపల స్విచ్చి నొక్కినట్టు, మెత్తబడిపోయింది. "పగిలిందిరా..."

ఎరువులాయన వచ్చాడు. పలక చూశాడు. గోడ చూశాడు. ఉడుకుతున్న అన్నం గుండిగ చూశాడు.

"అక్కయ్య గారి ఆవిరికి పగిలిందండీ ఇది."

"ఏంటయ్యా ఆ మాట?"

"నాదేముందండీ? మాస్టారే చెప్పారు. నీళ్ళు తగిల్తే పగులుద్దన్నారు. అంతమంది విన్నారు. క్యాషియరు గారు విన్నారు. నన్ను చూపించి మరీ చెప్పారు."

అప్పటికే క్యారియరుతో వచ్చిన క్యాషియరు గారు నా మొహం చూసి, తల దించుకుని, విన్నానన్నారు. కబురందుకుని వచ్చిన ఇంజనీరు గారు నుదురు కొట్టుకున్నారు. లాగే బలం లేకపోతే ఎన్ని నీళ్ళు పోసినా గాజు పగలదని, పగిలితే మన ఇళ్ళల్లో గ్లాసులన్నీ ఈపాటికి పోయేవని నేను అరిచాను. కోపంలో చెప్పిన సైన్సు ఎవరికీ ఎక్కదు. పొక్లెయిన్ ఆగలేదు.

ఆ మధ్యాహ్నం అక్క కూరలు పొట్లాలు కడుతూ, రబ్బరు బ్యాండ్లు నా వైపు విసురుగా తోసింది. నా పాఠం నా తోడబుట్టిందాని గోడనే పొడిచింది. ఇన్నేళ్ళలో పిల్లలు నా పాఠం అర్థం కాలేదని ఏడ్చారు గానీ, అర్థమైపోయిందని ఎవరూ నన్ను ఇంత దెబ్బ తీయలేదు.

దారి మాత్రం ఉంది. ఇంజనీరు గారి దగ్గరికి వెళ్ళి అడిగాను. ఈసారి రెండు పలకలు పెడదాం. ఒకటి పగులుకి అడ్డంగా. రెండోది దానికి పక్కనే, పగులు లేని గట్టి గోడ మీద. ఒకే ల్యాబు పలకలు, ఒకే సిమెంటు, ఒకే ఆవిరి. ఆవిరే పగలగొట్టేదైతే రెండూ పగలాలి. గోడ లాగుతుంటే మొదటిదే పగలాలి.

ఎరువులాయన "దీంట్లో మాస్టారి మోసం ఏమీ లేదుగా?" అని ఇంజనీరు గారిని అడిగాడు. లేదన్నాక ఒప్పుకున్నాడు. పలకలు తనే అంటించాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు.

వర్షాలు పట్టాయి. గొయ్యిలో నీళ్ళు నిలిచాయి. మోటారు పెట్టి తోడేవాళ్ళు, మళ్ళీ తవ్వేవాళ్ళు. పొక్లెయిన్ బకెట్టు మట్టిలో దిగినప్పుడల్లా అక్క అరలో గిన్నెలు సన్నగా మోగేవి. నేను హాస్యం రాసేవాణ్ణి, భయాన్ని కూడా పెంచి రాయగలను. ఆ మోత గురించి మాత్రం ఏమీ పెంచలేదు. అంతే ఉండేది, సన్నగా.

"మా ఇంటికి వచ్చెయ్యి అక్కా. నీ మరదలు గది సర్దింది."

"నేను కదిలితే, నా ఇంటి మీద నాకే నమ్మకం లేదంటారు."

"నమ్మకం గోడని నిలబెట్టదే."

"మరేం నిలబెడుద్దిరా? నీ సిలికాన్లా?"

నాకు కోపం రాలేదు. ఆమె చెయ్యి అప్పుడు గోడ మీద ఉంది. జ్వరం చూసినట్టు పెట్టింది.

కాలేజీలో మధ్యాహ్నం బెల్లు కొట్టగానే అక్కడికే పోయి పొట్లాలు కట్టేవాణ్ణి. అలా ఒక మధ్యాహ్నం, జనం బాగా ఉన్నారు. ఎరువులాయన కూడా క్యారియరుతో వరసలో ఉన్నాడు. నేను ప్యాకెట్లకి రబ్బరు బ్యాండ్లు వేస్తున్నాను. వంటింట్లోంచి 'టిక్'మని చిన్న చప్పుడు వినిపించింది.

"ఆవాలు చిటపటలాడుతున్నాయ్ అక్కా, మాడిపోతాయి" అన్నాను.

అక్క గరిటె చేతిలో పట్టుకుని కదలకుండా నిలబడింది. "నేనింకా తాలింపు పెట్టలేదు" అంది.

ఎరువులాయనతో కలిసి ముగ్గురం లోపలికి వెళ్ళాం. పగులు మీద పలక రెండు ముక్కలై ఉంది. ఈ అంచు నుంచి ఆ అంచుకి ఒక్కటే గీత, స్కేలు పెట్టి గీసినట్టు. ముక్కల మధ్య సన్నటి ఖాళీ, కొలవడానికి లేనంత. రెండో పలక నిండా ఆవిరి నీళ్ళు కారుతున్నాయి. అది చెక్కు చెదరలేదు.

ఎరువులాయన ఆ తడి పలకని అరచేత్తో తుడిచాడు. గోరుతో కొట్టి చూశాడు. తర్వాత గోడ పగుల్లో గోరు పెట్టాడు. మొదటిసారి చూసినప్పుడు అందులో గోరు పట్టలేదు. ఇప్పుడు లోపలికి దిగింది. ఆయన వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన్ని ఏదో ఒకటి అనాలని వారాల తరబడి నేను దాచిపెట్టుకున్న మాటలు ఒక బస్సుకి సరిపడా ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు.

కిటికీలోంచి తల బయటపెట్టి ఆయన పొక్లెయిన్ డ్రైవరు మీద కేకేశాడు. "ఆపెయ్! ఆపెయ్ అంటుంటే! బకెట్టు ఎత్తి పక్కన పెట్టు!" ఇటు తిరిగి, "అక్కయ్య గారూ, ముందు మీరు బయటికి రండి. స్టవ్వు కట్టెయ్యండి. ఈ గుండిగ నేను పట్టుకుంటా" అన్నాడు.

పప్పుచారు గుండిగ ఆయన మోశాడు. చొక్కా మీద ఒలికింది, చురుక్కుమన్నా వదల్లేదు. బ్యాంకు క్యాషియరు గారు అన్నం గుండిగ, నేను కూరల ట్రేలు. ఎవరో సిలిండరు విప్పి తెచ్చారు. ఇంజనీరు గారు గొడుగు పట్టుకుని వచ్చి, లోపలికి ఒకసారి తొంగి చూసి, గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఇవాళే సరుగుడు బాదులు తెప్పించి, గోడ ఒరగకుండా పోట్లు పెట్టాలన్నారు. గొయ్యి ఇటువైపు మట్టితో పూడ్చి, అడ్డుగోడ కట్టాలన్నారు. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ఉండకూడదు.

"ఆ తర్వాత నిలబడుద్దా అండీ?" అని అడిగాను.

"చెప్పలేను. విప్పి మళ్ళీ కట్టాల్సి రావచ్చు."

ఎరువులాయన బాదుల కోసం రెడ్డిగూడెం ఫోన్ చేస్తూ రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. జనం మాత్రం "అక్కే గెలిచింది" అనుకుంటున్నారు. ఒకాయన చప్పట్లు కొట్టబోయి, అక్కని చూసి, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

అక్క రోడ్డు పక్కన బల్ల వేయించింది. వచ్చినవాళ్ళని ఆకలితో పంపదు కదా. తాలింపు లేని పప్పుచారు అందరికీ పోసింది. ఎరువులాయన క్యారియరు కూడా నింపి మూత బిగించి ఇచ్చింది. ఆయన రెండు చేతులూ చాపి తీసుకున్నాడు.

గుండిగలు ఖాళీ అయ్యాయి. జనం వెళ్ళిపోయారు. అక్క గరిటెలన్నీ పప్పుచారు గుండిగలో వేసి, చెంగు నడుముకి బిగించి, గుండిగ ఎత్తుకుని ఎప్పట్లాగే ఇంటి గుమ్మం వైపు నడిచింది. గడప దాకా వెళ్ళి ఆగింది. లోపల వంటింట్లో కుళాయి కింద ఆమె గిన్నెలు కడిగే చోటు అక్కణ్ణుంచి కనిపిస్తుంది.

గుండిగ పట్టుకునే వెనక్కి తిరిగింది.

"ఇవి ఎక్కడ కడగనురా?" అంది.